రెండో అంతస్తు అద్దె 15 వేలు, దాని అప్పుకు వడ్డీ 16 వేలు

ప్రశ్న: నెల్లూరు వేదాయపాళెంలో 18 అంకణాల స్థలంలో మాకు ఇల్లుంది. జీ ప్లస్ వన్‌కే ప్లాన్ అప్రూవల్ ఉంది. కింద మేముంటాం, మొదటి అంతస్తుకు 9,500 అద్దె వస్తుంది. మూడేళ్ల కిందట అప్రూవల్ లేకుండానే రెండో అంతస్తు వేసి రెండు పోర్షన్లు చేశాం. ఒక్కోదానికి 7,500 వస్తోంది. దానికోసం నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 8 లక్షలు అలాగే ఉన్నాయి. ఇప్పుడు కార్పొరేషన్ నుంచి నోటీసు వచ్చింది. ఒకాయన లక్షన్నర ఇస్తే సర్దేస్తానంటున్నారు. మూడు రూపాయల వడ్డీకి ఇంకో 5 లక్షలు దొరుకుతున్నాయి. నోటీసు పని చూసుకుని, మిగిలినదాంతో పెంట్‌హౌస్ వేసి, ఆ అద్దెతో బాకీ తీర్చవచ్చా? నా జీతం 36,000, ఇంటి ఖర్చు 42,000. బ్యాంకులో 11,000 ఉన్నాయి. అద్దెకున్నవాళ్ల అడ్వాన్సులు 50,000 టైల్స్‌కు ఖర్చయ్యాయి. పొదలకూరు రోడ్డు వైపు ఉన్న ప్లాటు 10 లక్షలకు అడుగుతున్నారు కానీ అమ్మాయి పెళ్లికని ఉంచాం.

జవాబు: వద్దండీ. ఆ 5 లక్షలు తీసుకోవద్దు.

నెల్లూరులోనూ ఒంగోలులోనూ సొంతిల్లు ఉన్న చాలామంది చేస్తున్న పొరపాటు ఇదే, అందుకే మీ ఉత్తరానికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. రెండో అంతస్తు నుంచి నెలకు మీకు వచ్చేది 15,000. దాని కోసం చేసిన అప్పుకు కడుతున్న వడ్డీ 16,000. మొదటి నెల నుంచీ ఆ అంతస్తు మీ జేబులోంచి వెయ్యి రూపాయలు తీసుకుంటూనే ఉంది. మొదటి అంతస్తు అద్దె కూడా అదే ఖాతాలో పడుతుండటంతో మీకది కనబడలేదు. మూడేళ్లలో 5,76,000 వడ్డీ కట్టారు, అసలులో ఒక్క రూపాయి తగ్గలేదు. ఇప్పుడు మూడు రూపాయల వడ్డీకి 5 లక్షలు తెస్తే నెలకు మరో 15,000. మొత్తం వడ్డీ 31,000 అవుతుంది. మీ ఇంటి అద్దెలన్నీ కలిపినా 24,500 దాటవు. ఏడాదికి 36 శాతం వడ్డీ కట్టించే అప్పును అద్దె ఇల్లు ఎక్కడా తీర్చలేదు.

పెంట్‌హౌస్ ఆలోచన పూర్తిగా మానుకోండి. నోటీసు చేతిలో పెట్టుకుని ఇంకో స్లాబు వేయడం ఏమిటి? అక్రమ కట్టడాలను జరిమానాతో క్రమబద్ధం చేసే పెనలైజేషన్ స్కీములు 2015లో, 2019లో వచ్చాయి. ప్రతి స్కీముకూ ఒక కటాఫ్ తేదీ ఉంటుంది. 2019 స్కీముకు అది 2018 ఆగస్టు 31. రేపు వేసే గది ఎప్పుడో రాబోయే స్కీములో పడుతుందని అప్పు చేయడం జూదమే.

ఇంకొక భ్రమ కూడా ఉంది. “అంతస్తుకు ఇంటిపన్ను కడుతున్నాం కదా” అంటుంటారు. అనుమతి లేని అంతస్తుకు పన్నుతో పాటు అంతే మొత్తం జరిమానాగా వేసి వసూలు చేస్తారు. అది కట్టినంత మాత్రాన కట్టడం సక్రమం కాదు. పన్ను రసీదు వేరు, ప్లాన్ వేరు. పైగా కట్టడాన్ని తనఖా పెట్టుకుని అప్పిచ్చే ముందు కంప్లీషన్ లేదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాన్ ప్రకారమే కట్టారని ఇచ్చే పత్రం) చూడాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో బ్యాంకులకు చెప్పింది. అంటే ఆ అంతస్తును చూపించి తక్కువ వడ్డీకి అప్పు తెచ్చుకునే దారి కూడా మూసుకుపోతోంది.

నోటీసు చూసి టెన్షన్ పడి లక్షన్నర చేతిలో పెట్టకండి. ఆయన మీకు రసీదు ఇవ్వరు, రేపు మరో అధికారి వస్తే ఆయన ఫోన్ ఎత్తరు. నోటీసు ఇచ్చి కనీసం 15 రోజుల గడువు ఇవ్వకుండా కూల్చకూడదని 2024 నవంబరులోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది (రోడ్డు, కాలువల వంటి చోట్ల ఆక్రమణలకు ఇది వర్తించదు). అప్రూవల్ ప్లాన్, మీ ఇంటి కొలతలు తీసుకుని లైసెన్సు ఉన్న ఇంజినీరును కలవండి. సెట్‌బ్యాకులు (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) సరిపోతే రివైజ్డ్ ప్లాన్‌కు వీలుందేమో ఆయనే చెబుతారు. స్కీము ఏదైనా తెరిచి ఉందా అని మీ వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని అడగండి. ఏది తేలినా, గడువులోపు రాతపూర్వకంగా జవాబిచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. పై పోర్షన్లలో ఉన్నవాళ్లకు నోటీసు సంగతి మీరే చెప్పండి. పిల్లలతో కాపురముంటున్నవాళ్లు, వాళ్లకు తెలియాలి.

ఇక నేను అందరికీ చెప్పి చెప్పి అలసిపోయిన విషయం. మీ దగ్గర ఎమర్జెన్సీ ఫండ్ లేదు. 42,000 ఖర్చున్న ఇంట్లో 11,000 అంటే ఎనిమిది రోజుల డబ్బు. అడ్వాన్సు అసలు మీ డబ్బే కాదు. రేపు పై రెండు పోర్షన్లూ ఖాళీ చేస్తే వాళ్ల అడ్వాన్సు గేటు దగ్గరే అడుగుతారు. అదే నెల నుంచి జీతం, మొదటి అంతస్తు అద్దె కలిపి 45,500లో వడ్డీ పోగా 29,500 మిగులుతుంది. ఇంటికి 12,500 తక్కువ పడుతుంది. అప్పుడు నాలుగు రూపాయల వడ్డీకి కూడా వెళతారు. మునిగిపోయిన కుటుంబాలన్నీ నా దగ్గరికి ఈ దారిలోనే వచ్చాయి.

ప్లాటు అమ్మండి. అమ్మాయి పెళ్లికి ఉంచారని తెలుసు. కానీ ఆ ప్లాటు ఏటా 24 శాతం పెరుగుతోందా? మీ అప్పుకు మాత్రం ఏటా అంత వడ్డీ పోతోంది. 10 లక్షల్లో 8 లక్షలు పెట్టి బాకీ తీర్చి, ప్రోనోటు వెనక్కి తీసుకోండి. 50,000 అడ్వాన్సుల పేరిట విడిగా డిపాజిట్ చేసి, ముట్టుకోకండి. మిగిలిన లక్షన్నరతో ఎమర్జెన్సీ ఫండ్ మొదలుపెట్టండి. ప్లాటు అమ్మకం మీద పన్ను ఎంత పడుతుందో ముందే ఆడిటర్‌ను అడగండి. అప్పు పోయాక, రెండో అంతస్తు అద్దె ఒక్క రూపాయి రాకపోయినా 45,500 ఆదాయానికి 42,000 ఖర్చు, ఇల్లు గడుస్తుంది. ఆ అద్దె వచ్చినన్నాళ్లూ నెలకు 15,000 మొత్తం ఫండ్‌లోకే వెళ్లాలి. ఆరు నెలల ఖర్చు, అంటే 2,52,000 చేరేదాకా ఆ డబ్బును ఇంటి ఖర్చులో కలపవద్దు. ఇంజినీరు ఫీజు, పెనాల్టీ ఏదైనా పడితే ఇందులోంచే కట్టవచ్చు.

బంగారం మీద బ్యాంకు లోను మీకున్న అప్పు కంటే చవకే కానీ ప్లాటు ఉండగా దాని అవసరం లేదు. ఆరోగ్య బీమా ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి. 2021 నవంబరు పెన్నా వరద చూశాక కూడా నెల్లూరులో ఇంటికి బీమా లేకుండా ఉండకూడదు. అయితే అధికారులు తీయించిన గోడకు ఏ పాలసీ డబ్బూ రాదు. అనుమతి లేని అంతస్తు ఉందని ప్రపోజల్ ఫారంలో దాచిపెట్టకండి, క్లెయిము రోజున అదే అడ్డం వస్తుంది.