గుడ్డుకు సూది వేసే ముందు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

రాజేంద్రనగర్‌లో నీ ఎం.వి.ఎస్‌సీ. (పశువైద్యంలో పీజీ) పరిశోధనకు, పొదిగే గుడ్లలోకి గ్లూకోజ్ ఎక్కించే అంశం తీసుకున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. మన ఇంటి పిల్ల గుడ్లు పొదిగించే హేచరీ పనిలోకి వస్తోందని పొంగిపోయాను. ఆ వెంటనే భయం పట్టుకుంది.

పెంకును స్పిరిట్‌తో తుడవడం, వెడల్పు వైపు నుంచి గుచ్చడం, ద్రావణాన్ని ముందే వెచ్చబెట్టడం, రంధ్రాన్ని మైనంతో మూయడం నీకు తెలిసినవే.

పొదగేసిన 18వ రోజున గుచ్చే మాట మాత్రం గట్టిగా చెబుతాను. ఆ సమయానికి పిల్ల తన చుట్టూ ఉన్న ఉమ్మనీటిని తాగుతుంటుంది. గ్లూకోజ్ ఆ నీటిలో పడితేనే పేగుకు చేరుతుంది. గుడ్డు వెడల్పు వైపు ఖాళీగా ఉండే గాలి గదిలో పడితే వృథా. అమెరికాలో 1990ల నుంచి యంత్రాలతో గుడ్డులోనే వేస్తున్న, కోళ్ల మారెక్స్ జబ్బు టీకా కూడా గాలి గదిలో పడితే అంతే. ద్రావణం మరీ చిక్కగా ఉన్నా పిల్లకు చేటే.

ఇక నా అసలు భయం. నేను పనిచేసిన హేచరీకి ఒక కుర్రవాడు విటమిన్ సి ప్రయోగానికి వచ్చాడు. తెలివైనవాడు, చేయి వణకదు. కొన్ని ట్రేలు గుచ్చాడు, కొన్ని అలాగే ఉంచాడు. గుచ్చినవాటిలో పిల్లలు బాగా తగ్గాయి. విటమినే చంపిందని రాసుకున్నాడు. మందు కలపని ఉత్త సెలైన్ (ఉప్పునీరు) గుచ్చిన గుడ్లు ఒక్కటీ లేవు! చంపింది మందా, సూదా, పెంకుకు పడ్డ రంధ్రమా? ఎలా తేలుతుంది? పైగా పొదగని గుడ్లను పారేయమన్నాడు. వాటిలో కొన్ని తెచ్చి పగలగొట్టి చూశాను. గాలి గది పొర మీద బూడిద పచ్చని బూజు, ఆస్పర్జిల్లస్. రంధ్రం గుండా లోపలికి పోయింది. సంగతి చెబితే తలపట్టుకుని కూర్చున్నాడు. చేతిలో పని అయిపోయింది, గుడ్లూ అయిపోయాయి.

అందుకని మూడు గుంపులు పెట్టు. ఏమీ గుచ్చనివి, అదే మోతాదులో సెలైన్ గుచ్చినవి, గ్లూకోజ్ గుచ్చినవి. గుచ్చనివాటినీ అంతే సేపు పొదిగే యంత్రం బయట ఉంచు, లేకపోతే చల్లబడడంలో తేడా వస్తుంది. దీపం పట్టి బతికి ఉన్న గుడ్లనే మూడింటికీ పంచు. గుచ్చే గదిలో ఎవరు అడిగినా ఫ్యాను వేయనివ్వకు, ఆ బూజు గాలికి ఎగిరి వస్తుంది. పొదగని ప్రతి గుడ్డునూ తెరిచి, పిల్ల ఏ దశలో పోయిందో రాసుకో. వాసన చూసి ముఖం తిప్పుకున్నావని వింటే ఊరుకోను.

చిన్నప్పుడు సెలవులకు వచ్చి, పొదుగుడు కోడి దగ్గర కూర్చుని, పిల్ల రావడం ఆలస్యమైతే నువ్వే పెంకు గిల్లేదానివి. నీ జాలి నాకు తెలుసు తల్లీ. ఇక్కడ మాత్రం చేయి పెట్టకు. నువ్వు బయటికి తీసిన పిల్ల, తానుగా వచ్చిన పిల్ల ఒకే లెక్కలోకి రావు.

సెలైన్ గుంపుకు ఎన్ని గుడ్లు కేటాయించావో నాకు రాయి. గుడ్లు చాలకపోతే మీ గైడును అడిగి గ్లూకోజ్ మోతాదుల్లో ఒకటి తగ్గించుకో. సెలైన్ గుంపును మాత్రం తీసేయకు. వేళకు భోంచేస్తున్నావా అని పెద్దమ్మ అడగమంది.

మీ పెదనాన్న