పడమటి ఎండ తగిలే టేకు తలుపుకి ఏ పాలిష్ మంచిది?

తలుపుకి ఇదివరకు వేయించిన మెలమైన్ పాలిష్ (చెక్క మీద గట్టి పొరగా ఆరే పూత) పొరలుగా లేచిపోతోందంటే తప్పు టేకుది కాదు. మెలమైన్ ఇంటి లోపలి చెక్కకి సరిపోతుంది. నేరుగా ఎండ పడితే పగులుతుంది, ఆ పగుళ్లలోంచి వాన నీరు దిగి చెక్క నల్లబడుతుంది. పాతదంతా గీకించి, 120, తర్వాత 220 నంబర్ శాండ్‌పేపర్‌తో చెక్క గీతల వెంబడే రుద్దించి, బయటి వాడకానికి చేసిన పీయూ (పాలీయురేతేన్) కోటింగ్ వేయించండి. డబ్బా మీద ‘ఎక్స్‌టీరియర్’ అని ఉందో లేదో మీరే చూసుకోండి, పెయింటర్ మాట మీద వదిలేయకండి.

అందరూ మరిచిపోయేది తలుపు కింది అంచు. చెక్క నీళ్లు ఎక్కువగా పీల్చేది కోసిన చివరల దగ్గరే, పైగా గడప కడిగిన ప్రతిసారీ అది తడుస్తుంది. తలుపు దింపించి కింది, పై అంచులకీ కోటింగ్ పట్టించాలి. వానాకాలంలో తలుపు ఉబ్బి బిగుసుకుపోవడం చాలావరకు తగ్గుతుంది.

పని మాత్రం చెక్క బాగా ఆరి ఉన్నప్పుడే పెట్టుకోండి. లోపల తడి ఉండగా పైన మూసేస్తే పొర మళ్లీ లేస్తుంది.