పాఠకుల ప్రశ్నలు: మెరుస్తుంది గాని తెగని మడతకత్తి

ప్రశ్న: మా తాతగారు గడ్డం గీసుకున్న, జర్మనీలోని సోలింగెన్‌లో తయారైన మడతకత్తిని నేనూ వాడాలనుకొని, 8000 గ్రిట్ (ఈ అంకె పెరిగేకొద్దీ రాయి గరుకు తగ్గుతుంది) సానరాయి కొని గంటకు పైగా నూరాను. తోలుపట్టా మీద కూడా తీశాను. వాదర అద్దంలా మెరుస్తోంది గాని వెంట్రుకలను కోయకుండా పీకుతోంది. లోపం ఎక్కడుంది? – ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మీ శ్రమలో లోపం లేదు, మీరు మొదలుపెట్టిన రాయిలో ఉంది. కత్తికి రెండు వైపులా ఉండే సన్నని ఏటవాలు పట్టీలు ఒకదానినొకటి కలుసుకున్న గీతనే మనం వాదర అంటాము. ఏళ్ల తరబడి వాడిన కత్తిలో ఆ గీత గుండ్రంగా అరిగిపోతుంది. 8000 రాయి ఉన్నదానికి మెరుగు పెడుతుందే తప్ప, అరిగిన ఉక్కును తీసి ఆ రెండు పట్టీలను మళ్లీ కలపలేదు. ఆ పని 1000 గ్రిట్ రాయిది. నా దృష్టిలో మొత్తం శ్రమలో ముప్పాతిక భాగం అక్కడే పెట్టాలి.

వంటింటి కత్తిని నూరేటప్పుడు కోణాన్ని చేతితో నిలపాలి. మడతకత్తికి ఆ అవసరం లేదు, ఎందుకంటే దాని వీపు (వాదరకు ఎదురుగా ఉండే మందపు అంచు) మందమే కోణాన్ని నిర్ణయిస్తుంది. 16 మిల్లీమీటర్ల వెడల్పు, 4.5 మిల్లీమీటర్ల వీపు మందం ఉన్న కత్తికి అది సుమారు 16 డిగ్రీలు వస్తుంది. అందువల్ల వీపు, వాదర రెండూ రాయికి ఆని ఉండాలి, వీపును ఎంతమాత్రం పైకి లేపకూడదు. రాయి మీద వాదర ముందుండేలా తోసి, చివరికి వచ్చాక వీపు మీదనే దొర్లించి రెండో వైపుకు తిప్పాలి. రాయి కూడా సమతలంగా ఉండాలి కాబట్టి, దాని మీద పెన్సిలు గీతలు గీసి, గాజుపలక మీద పరచిన తడి ఉప్పుకాగితంపై ఆ గీతలన్నీ చెరిగేదాకా రుద్దండి.

పట్టీలకు మార్కర్ పెన్ను సిరా పూసి రెండుసార్లు నూరితే, సిరా మిగిలిన చోటుకు రాయి తగలడం లేదని తెలుస్తుంది. దీపం కింద వాదరను నిటారుగా పట్టి చూసినప్పుడు తెల్లని మెరుపు గీత కనిపిస్తే అక్కడ ఇంకా మొద్దుగా ఉన్నట్లే. మడమ (పిడి వైపు చివర) నుంచి మొన దాకా ప్రతి చోటా ముంజేతి రోమాలు చర్మం దగ్గర సులువుగా తెగేదాకా 1000 రాయిని వదలకండి. ఆ తరువాత 4000, 8000 రాళ్ల మీద ఒత్తిడి తగ్గిస్తూ పోయి, చివరి వరుసలు కత్తి బరువుతోనే నడపాలి.

ఎంత విసుగు కలిగినా కత్తిని వీధిలో తిరిగే సానచక్రానికి మాత్రం ఇవ్వకండి. ఆ వేడికి పలుచని ఉక్కు పదును నిలుపుకునే గుణాన్ని కోల్పోతుంది, పోయిన ఆ గుణం ఎంత నూరినా తిరిగి రాదు. మీ ఊరిలో సొంతంగా కత్తి నూరుకున్న పెద్ద క్షురకులెవరైనా ఉంటే వారి మణికట్టు కదలికను ఒక్క పూట దగ్గర కూర్చుని గమనించండి, అది అక్షరాలలో చెప్పడం కష్టం.

ప్రశ్న: ఇలా ఎన్నాళ్లకొకసారి నూరాలి? – అదే పాఠకుడు

జవాబు: గీసుకునే ప్రతిసారీ ముందుగా గుడ్డపట్టా మీద 20, తోలుపట్టా మీద 50 సార్లు తీయండి. ఇక్కడ వీపు ముందుండాలి, లేకపోతే తోలు తెగి వాదర మడతపడుతుంది. ఒకసారి 1000 రాయితో వాదరను సరిచేశాక, మళ్లీ వెంట్రుకలను పీకడం మొదలైనప్పుడు 8000 రాయి ఒక్కటే చాలు. 1000 రాయికి వెళ్లిన ప్రతిసారీ మీ తాతగారి కత్తిలో కొంత ఉక్కు తరిగిపోతుంది. మీది సముద్రపు గాలి తగిలే ఊరు కాబట్టి, వాడాక పూర్తిగా ఆరనిచ్చి పలుచగా నూనె రాసి ఉంచండి.