ఆర్థిక సంక్షోభాన్ని పెట్టుబడిదారీ వ్యవస్థ తట్టుకుంటుందా? భారం ఎవరి మీద పడుతుంది?

తట్టుకుంటుంది. 1929 నాటి మహా మాంద్యాన్ని తట్టుకుంది, 2008 సంక్షోభాన్ని కూడా. మీ ప్రశ్నలో నాకు ముఖ్యమనిపించింది రెండో సగం. పన్ను కట్టేవాళ్ల మీద పడుతుందని చాలామంది అంటారు. అది కొంతవరకే నిజం. తను ఇవ్వాల్సిన డబ్బును వాయిదా వేసే శక్తి ఎవరికి ఉండదో, భారం చివరికి చేరేది వాళ్ల దగ్గరికే. ఇది నేను దగ్గరుండి చూశాను.

2008-09లో కొండాపూర్‌లోని ఒక ట్రావెల్స్ ఆఫీసులో అకౌంట్స్ చూసేవాణ్ణి. మాదాపూర్, గచ్చిబౌలి ఐటీ కంపెనీలకు నైట్ షిఫ్ట్ క్యాబులు నడిపేవాళ్లం. బళ్లలో చాలావరకు మా ఓనరువి కావు. పాలమూరు నుంచో నల్గొండ నుంచో వచ్చిన కుర్రాళ్లు ఫైనాన్స్‌లో ఇండికానో టవేరానో తీసుకుని మా దగ్గర అటాచ్ చేసేవాళ్లు. ట్రిప్ షీట్లు లెక్కగట్టి, కమిషన్, టీడీఎస్ (ముందుగానే కోసే ఆదాయపు పన్ను) పట్టుకుని మిగతాది వాళ్లకివ్వడం నా పని. అదీ కంపెనీ నుంచి మాకు డబ్బు వచ్చాకే.

2008 సెప్టెంబరు 15న న్యూయార్క్‌లో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద పెట్టుబడి బ్యాంకు దివాలా తీసింది. ఆ సెగ కొండాపూర్ దాకా రావడానికి ఎంతో కాలం పట్టలేదు. మా పెద్ద క్లయింటు చేసేదంతా అమెరికా ఫైనాన్స్ సంస్థల పనే. అక్కడివాళ్లు వీళ్లకు పేమెంట్ ఆపారు, వీళ్లు మాకు ఆపారు. నెలకు వచ్చే బిల్లు రెండు నెలలకు జరిగింది, తర్వాత మూడు దాటింది. ఫోన్ చేసినప్పుడల్లా 'అప్రూవల్‌లో ఉంది' అన్నదే జవాబు. 2009 జనవరి 7న, ఐటీ కంపెనీ సత్యం లెక్కలు తప్పుడువని దాని ఛైర్మన్ రామలింగరాజు ఒప్పుకున్న లేఖ బయటపడ్డాక హైటెక్ సిటీ చుట్టుపక్కల అరువు పుట్టడమే కష్టమైంది. డీజిల్ బంకులో మా ఖాతా కూడా ఆగిపోయింది.

ఇలా పైనుంచి ప్రతివాడూ కిందివాడి డబ్బు ఆపుకుంటూ వచ్చాడు. డ్రైవరు ఎవరిది ఆపాలి? డీజిల్ రోజూ పోయాలి, ఈఎంఐ తేదీకి కట్టాలి. "పైసలెప్పుడొస్తయన్నా? ఫైనాన్సోళ్లు ఇంటికాడికే వచ్చిన్రు" అని ఆఫీసు మెట్ల మీద నిలబడి అడిగేవాళ్లు. నూటికి మూడు రూపాయలు, ఐదు రూపాయల వడ్డీకి తెచ్చి ఈఎంఐ కట్టినవాళ్లున్నారు. భార్య మెడలోని పుస్తెలతాడు కుదువపెట్టినవాళ్లున్నారు. వాయిదాలు తప్పినవాళ్ల బళ్లను సీజింగ్ వాళ్లు రాత్రిపూట రోడ్డు మీదే ఆపి తీసుకుపోయారు. అంటే ఆ నెలల్లో ఒక పెద్ద కంపెనీకి వడ్డీలేని అప్పిచ్చింది ఈ కుర్రాళ్లే. ఆ అప్పు కోసం తాము బయట వడ్డీ కట్టారు. తర్వాత బిల్లులన్నీ వచ్చాయి. ఆలస్యానికి ఒక్క రూపాయి కలపలేదు. బండి పోయినవాడి చేతికి పాత బకాయి వచ్చింది, బండి మాత్రం రాలేదు. సంక్షోభం ఖరీదు ఇంత అని లెక్కలు వేసే ఏ నివేదికలోనూ ఇది కనబడదు.

ఇక అమెరికాలో లేమన్ పడిపోయిన మర్నాడే ఏఐజీ అనే బీమా కంపెనీకి అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ 8,500 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. ఆ సాయం పెరుగుతూ పోయింది. ఏఐజీ బాకీపడ్డ పెద్ద బ్యాంకులకు దాన్నుంచి పైసా తగ్గకుండా ముట్టింది. వాటిలో ఒకటైన గోల్డ్‌మన్ శాక్స్‌కే దాదాపు 1,290 కోట్ల డాలర్లు వెళ్లాయి. ఏఐజీకి ఇచ్చిన డబ్బు 2012 నాటికి లాభంతో సహా ప్రభుత్వానికి తిరిగొచ్చింది, కాబట్టి అక్కడ పన్ను చెల్లింపుదారులు మునిగిపోయారనడం సరికాదు. కానీ వాయిదాలు కట్టలేక ఇళ్లు పోగొట్టుకున్న లక్షల కుటుంబాలకు ఆ ఇళ్లు తిరిగి రాలేదు. ప్రమాదాన్ని సృష్టించిన బ్యాంకులు నూటికి నూరు తీసుకోవడం, ఇంటివాడు ఖాళీ చేయడం నాకు ఇప్పటికీ కోపం తెప్పించే విషయం.

ఇది ప్రకృతి ధర్మమేమీ కాదు. హైదరాబాద్‌లోనే రెండు రకాలుగా జరిగింది. 2001లో కృషి కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు, 2002లో చార్మినార్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు కూలిపోయాయి. అప్పట్లో డిపాజిట్ బీమా లక్ష రూపాయల వరకే. అది దాటిన సొమ్ము కోసం రిటైరైనవాళ్లు, చిన్న వ్యాపారులు ఏళ్ల తరబడి తిరిగారు. 2004 జులైలో మన సికింద్రాబాద్‌లో పుట్టిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు మీద మారటోరియం పెట్టారు, అంటే డబ్బు తీసుకోవడం మీద ఆంక్ష. మూడు వారాల్లో దాన్ని ప్రభుత్వరంగ ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపేశారు. డిపాజిటర్ల డబ్బు భద్రంగా ఉంది, షేర్‌హోల్డర్ల చేతికి ఏమీ రాలేదు. లాభాల్లో వాటా తీసుకున్నవాళ్లే నష్టం మోశారు, అలాగే జరగాలి కూడా. పెద్ద బ్యాంకు పడితే అందరూ భయపడతారని ప్రభుత్వం కదిలింది. కోఆపరేటివ్ బ్యాంకుల డిపాజిటర్లకు ఆ అదృష్టం లేకపోయింది.

చట్టం లేదా అంటారేమో. ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం చిన్న సంస్థకు 45 రోజుల్లోపు డబ్బివ్వాలి. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలి. మా ఓనరు ఆ కాగితం ఒక్కసారి కూడా బయటికి తీయలేదు. తీస్తే మర్నెల కాంట్రాక్టు ఇంకొకరికి పోతుంది. పైగా అటాచ్‌మెంట్ డ్రైవరు ఆ కంపెనీ లెక్కల్లోనే ఉండడు, అతని బాకీ మా లెక్కల్లో ఉంటుంది.

2016 దివాలా చట్టమూ అంతే. కంపెనీని అమ్మి పంచేటప్పుడు ప్రక్రియ ఖర్చుల తర్వాత కార్మికుల బకాయిలు, తాకట్టు ఉన్న బ్యాంకులు. తర్వాత మిగతా ఉద్యోగుల జీతాలు, తాకట్టు లేకుండా అప్పిచ్చినవాళ్లు, ప్రభుత్వ బకాయిలు. సరుకో సేవో ఇచ్చిన చిన్నవాళ్లు వీళ్లందరి కిందా ఉంటారు. చాలాసార్లు అక్కడిదాకా డబ్బే రాదు. నన్నడిగితే మార్చాల్సింది ఈ వరుసనే. ఒక పరిమితి దాకా చిన్న సరఫరాదారుల బాకీలను కార్మికుల బకాయిల పక్కన పెట్టాలి. ప్రభుత్వ డబ్బుతో బతికే ఏ సంస్థ అయినా మొదటి నెలలోనే వాటిని తీర్చాలన్న షరతు ఉండాలి.