కూల్‌డ్రింక్ బాటిళ్ళలో తాగునీళ్ళు దాచుకోవచ్చా?

ప్రశ్న: మాది అజిత్‌సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మీద పడ్డప్పుడు పై వాటాలో చిక్కుకుపోయాం. చుట్టూ నీళ్ళే, తాగడానికి మాత్రం చుక్క లేదు. అప్పటి నుంచి కూల్‌డ్రింక్ బాటిళ్ళు, వాటర్ బాటిళ్ళు, నూనె సీసాలు ఏవీ పారేయకుండా కడిగి, వాటినిండా ఆర్‌వో నీళ్ళు పట్టి మంచం కింద పెడుతున్నాను. మా అత్తగారేమో ప్లాస్టిక్‌లో నీళ్ళు విషం, ఇత్తడి బిందెలో పట్టి ఉంచు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: నీళ్ళు దాచే అలవాటు అస్సలు మానకండమ్మా. వరదొస్తే ముందు మునిగేది సంపే. కరెంటు పోతే మోటారు ఆడదు, ఆర్‌వో మిషనూ పనిచేయదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖలో జరిగిందీ ఇదే, ఇళ్ళు నిలబడ్డాయిగానీ రోజుల తరబడి కరెంటు లేక అపార్ట్‌మెంట్లలో పై అంతస్తులవాళ్ళు బకెట్లు పట్టుకుని కిందికి దిగాల్సి వచ్చింది. కాబట్టి దాచండి. మార్చుకోవాల్సినవి మాత్రం రెండున్నాయి: నూనె సీసాలు, ఆర్‌వో నీళ్ళు.

ముందు ఆర్‌వో సంగతి చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. మునిసిపాలిటీ నీళ్ళలో క్లోరిన్ కలుపుతారు, అది కొళాయి దాకా కొంచెం మిగిలి ఉంటుంది, నీళ్ళలో మళ్ళీ క్రిములు పెరగకుండా కాపలా కాసేది ఆ మిగిలిందే. ఆర్‌వో మిషన్‌లోని కార్బన్ ఫిల్టర్ ఆ క్లోరిన్‌ని లాగేస్తుంది. అప్పటికప్పుడు తాగడానికి అవి మంచి నీళ్ళే, నెలల తరబడి దాచడానికి మాత్రం కాపలా లేని నీళ్ళు. వీధి చివర ప్లాంటు నుంచి తెచ్చే ఇరవై లీటర్ల క్యాన్ నీళ్ళు కూడా చాలావరకు అంతే. కాచి చల్లార్చిన నీళ్ళకూ ఇదే చిక్కు, కాచినప్పుడు క్రిములు చస్తాయిగానీ తర్వాత మూత తీసినప్పుడో, సరిగ్గా కడగని బాటిల్లో పోసినప్పుడో పడ్డవాటిని ఆపేది ఏమీ ఉండదు. అందుకని దాచే నీళ్ళు ఏవైనా సరే క్లోరిన్ బిళ్ళ వేసి దాచండి. మెడికల్ షాపులో దొరుకుతాయి, వరదలప్పుడు ఆశా కార్యకర్తలు ఇంటింటికీ పంచేవీ ఇవే. ఒక్కో రకం బిళ్ళ ఒక్కో కొలతకి సరిపోతుంది, ఎన్ని లీటర్లకి ఒకటో స్ట్రిప్ మీదే ఉంటుంది, అది చదవకుండా ఉజ్జాయింపుగా వేయొద్దు. పెద్ద క్యాన్‌లో నీళ్ళు పట్టి, బిళ్ళ వేసి, కలిపి, అరగంట ఆగి, అప్పుడు బాటిళ్ళలోకి వంపుకోండి.

ఇక బాటిళ్ళు. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్ ఈ పనికి చాలా బాగుంటుంది. అడుగున త్రిభుజంలో 1 అంకె ఉంటుంది, అది పెట్ ప్లాస్టిక్ అని గుర్తు. గోడ మందం, మూత బిగుతు, మూతి సన్నం కాబట్టి ఎవరూ చెయ్యి గానీ గ్లాసు గానీ ముంచలేరు. నూనె సీసా ఎంత కడిగినా జిడ్డు పూర్తిగా పోదు. పాలు, మజ్జిగ, పళ్ళరసం పోసినవీ వద్దు, వాటి అడుగు ప్లాస్టిక్‌ని పట్టుకుని ఉండి క్రిములకి మేత అవుతుంది. ఫినాయిల్, యాసిడ్, కిరోసిన్, పురుగుమందు పోసిన డబ్బా అయితే ఎన్నిసార్లు కడిగినా తాగునీటికి పనికిరాదు, ఇందులో రాజీ లేదు.

కడగడం కూడా చెప్పేస్తాను. ముందు గిన్నెలు తోమే లిక్విడ్‌తో, మూత లోపలి మరలతో సహా, శుభ్రంగా కడిగి నురగంతా పోయేదాకా జాడించండి. తర్వాత ప్లాస్టిక్ బకెట్లో అయిదు లీటర్ల నీళ్ళకి ఒక టీస్పూను కొత్త బ్లీచింగ్ పౌడర్ కలిపి, అడుగుకి దిగాక పైన తేరిన నీళ్ళు బాటిల్లో కొంచెం పోసి, మూత బిగించి, అన్ని వైపులా తగిలేలా ఊపి, ఒక నిమిషం ఆగి పారబోసి, మంచినీళ్ళతో మళ్ళీ జాడించండి. గడ్డకట్టి వాసన పోయిన పాత పౌడర్ దండగ. దాన్ని టాయిలెట్ యాసిడ్ దగ్గరికి మాత్రం రానివ్వకండి, రెండూ కలిస్తే వచ్చే గ్యాస్ ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది.

ఎన్ని నీళ్ళు? తాగడానికి, వంటకి కలిపి మనిషికి రోజుకి నాలుగు లీటర్లు పెట్టుకోండి. నలుగురున్న ఇంట్లో మూడు రోజులకి 48 లీటర్లు, అంటే 24 పెద్ద బాటిళ్ళు. ఇది కనీసం మాత్రమే. మీ పేటలో నీళ్ళు ఎన్నాళ్ళున్నాయో మీకే తెలుసు, వారానికి సరిపడా చోటుంటే వారానికే దాచండి. మీరు కింది వాటాలో ఉంటే మంచం కింద వద్దు, నడుం ఎత్తుకి పైనున్న అరలో పెట్టండి. బాటిల్ మీద తేదీ రాసి ఆరు నెలలకి మార్చాలంటారు, మన ఎండలకి నేనైతే మూడు నెలలకే మార్చమంటాను. తీసిన నీళ్ళు మొక్కలకి పోయండి.

అత్తగారి మాట కూడా తీసిపారేయకండి. రోజూ తోమి, రోజూ కొత్త నీళ్ళు పట్టే బిందె మంచిదే. నెలల తరబడి నిల్వకి మాత్రం గట్టిగా మూత పడే పాత్ర కావాలి, బిందె మీద పళ్ళెం ఆ పని చేయదు.

ప్రశ్న: కొన్న వాటర్ బాటిల్ మీద ‘వాడాక నలిపేయండి’ అని రాసి ఉంటుంది కదా, మళ్ళీ నింపితే క్యాన్సర్ వస్తుందనా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: అలా రాయడానికి ఒక పెద్ద కారణం, ఖాళీ బాటిళ్ళు ఏరి ఏవో నీళ్ళు నింపి మళ్ళీ అమ్మేవాళ్ళని ఆపడం. నీడలో, ఇంటి లోపల ఉంచిన శుభ్రమైన పెట్ బాటిల్ గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. వేడి దగ్గర జాగ్రత్త పడాలి. పెట్ తయారీలో వాడే యాంటిమొనీ అనే లోహం బాటిల్ వేడెక్కే కొద్దీ నీళ్ళలోకి ఎక్కువ దిగుతుంది, కాబట్టి డాబా మీద, కారులో, పొయ్యి పక్కన నిల్వ పెట్టొద్దు, కాచిన నీళ్ళు పూర్తిగా చల్లారాకే పోయాలి. పెట్రోలు, కిరోసిన్ ఉన్న గదిలోనూ వద్దు. అయినా ఆ పల్చటి లీటరు బాటిళ్ళు ఊరికే నలిగి చిల్లులు పడతాయి, నిల్వకి కూల్‌డ్రింక్‌వే నయం. గీతలు పడ్డవి, లోపల పాకుడు పట్టినవి తీసేయండి.

ప్రశ్న: మాకు బోరు నీళ్ళే. కాచి దాచుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, నల్గొండ జిల్లా

జవాబు: ఫ్లోరైడ్ ఉన్న బోరైతే వద్దమ్మా. కాచినా, క్లోరిన్ వేసినా ఫ్లోరైడ్ పోదు, కాచినకొద్దీ నీళ్ళు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది కూడా. మిషన్ భగీరథ నీళ్ళు వచ్చే రోజే దాచే బాటిళ్ళు నింపుకోండి. బోరు నీళ్ళు కడుగుళ్ళకి, బాత్రూముకి వేరే డ్రమ్ములో పెట్టుకోండి.

ప్రశ్న: దాచినవి అయిపోయి, గ్యాసూ లేక, బిళ్ళలూ లేకపోతే?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ముందు ఇంట్లోనే వెతకండి. నిల్వ గీజర్లో పదిహేను, ఇరవై అయిదు లీటర్ల నీళ్ళు ఉంటాయి, స్విచ్ ఆపి చల్లారాక పట్టుకుంటే కనీసం వాడకానికి వస్తాయి. తాగడానికి వేరే దారి లేనప్పుడు ఎండ సాయం చేస్తుంది. రంగు లేని పెట్ బాటిల్, రెండు లీటర్లకి మించనిది, లేబుల్ పీకేసి, నీళ్ళు నింపి, మంచి ఎండలో ఆరు గంటలు, మబ్బుగా ఉంటే వరసగా రెండు రోజులు పడుకోబెట్టాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు క్రిముల్ని చంపుతాయి. ఇందాక ఎండలో పెట్టొద్దన్నది నెలల నిల్వకి, ఇది ఒకపూట పని. నీళ్ళు తేటగా ఉంటేనే ఇది పనిచేస్తుంది. న్యూస్‌పేపర్ హెడ్డింగ్ మీద బాటిల్ నిలబెట్టి పైనుంచి మూతిలోకి చూడండి, అక్షరాలు కనిపించకపోతే గుడ్డ నాలుగు మడతలు వేసి వడకట్టి, తేరనిచ్చి మళ్ళీ చూడండి. డ్రైనేజీ, పురుగుమందు, నూనె కలిసిన వరదనీళ్ళకి మాత్రం ఇది పనికిరాదు.