స్వచ్ఛంద సంస్థలో వేసవి ఇంటర్న్‌షిప్ చేసినవాళ్లు నిజంగా ఏం నేర్చుకున్నారు? రెజ్యూమెకి పనికొస్తుందా?

రెండో ముక్క ముందు తేల్చేస్తాను. పెద్దగా పనికిరాదు. నా ఇంటర్వ్యూల్లో దాని గురించి ఒక్కరూ అడగలేదు. ఆంధ్రాలో డిగ్రీకి ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశాక సర్టిఫికెట్లు అమ్మే దుకాణాలు పుట్టుకొచ్చాయి. గూగుల్ ఫామ్ నింపి యూపీఐలో డబ్బు కొడితే చాలు, గడప దాటకుండానే 'గ్రామీణాభివృద్ధిలో విశేష అనుభవం' వచ్చేస్తుంది. ఇక నిజంగా ఎండలో తిరిగినవాళ్ల కాగితాన్ని మాత్రం ఎవరు నమ్ముతారు?

నేర్చుకున్నదంటారా, అది సంస్థ ఆఫీసులో కాదు, బ్యాంకు బయట చెట్టు కింద.

2023 వేసవిలో కళ్యాణదుర్గం వైపు పనిచేసే ఒక చిన్న సంస్థలో చేరాను. ఉపాధి హామీ కూలి సరిగా అందుతోందా అని ఇంటింటికీ తిరిగి రాసుకోవడం నా పని. ఆ పథకం దేశంలో మొదలైందే అనంతపురం జిల్లాలో, 2006 ఫిబ్రవరి 2న, బండ్లపల్లిలో. పదిహేడేళ్ల తర్వాత అదే జిల్లాలో ఒక అవ్వ తన కూలి ఎక్కడికి పోయిందో తెలియక తిరుగుతోంది.

జాబ్ కార్డులో పనిదినాలన్నీ ఉన్నాయి. ఆన్‌లైన్‌లో డబ్బు జమ అయినట్టే చూపిస్తోంది. పాస్‌బుక్కులో మాత్రం పైసా లేదు. "దుడ్లు పడినాయంటారు పాపా, యాడ పడినాయో చెప్పేటోళ్లు లేరు" అంది.

బ్యాంకుకి వెళ్తే ఉపాధి ఆఫీసులో అడగమన్నారు. అక్కడికి వెళ్తే "మేం వేసేశాం, బ్యాంకులో అడగండి" అన్నారు. విషయం ఏమిటంటే, ఆధార్ ఆధారిత చెల్లింపులో కూలి మనం రాసిచ్చిన ఖాతా నంబరుకి పోదు. ఆధార్‌కి చివరిగా ఏ ఖాతా లింకైందో దానికి పోతుంది. అదేదో ఆధార్ వెబ్‌సైటులో చూడొచ్చు. చూడాలంటే ఓటీపీ కావాలి. ఓటీపీ వెళ్లేది మనవడి ఫోనుకి. మనవడు బెంగళూరులో బిల్డింగు పనిలో ఉన్నాడు, ఫోన్ ఎత్తడు.

చెట్టు కింద కూలబడ్డాం. అవ్వ కొంగులో కట్టుకొచ్చిన బొరుగులు నా చేతిలో పోసింది. అన్నం వేళకి మనవడే ఫోన్ చేశాడు. "ఎవరు మేడం మీరు? ఓటీపీ మీకెందుకు చెప్పల్ల?" అని గట్టిగా అడిగాడు. న్యాయమైన ప్రశ్న. ఫోన్ అవ్వకిచ్చాను. "చెప్పరా, దొంగది కాదు. నా బొరుగులు తింటా ఉంది" అంది.

తేలిందేమిటంటే, ఎప్పుడో సిమ్ కొన్నప్పుడు వేలిముద్ర వేయించుకుని ఆ కొట్టువాడు ఒక ఖాతా తెరిచేశాడు. కూలంతా అందులో భద్రంగా ఉంది! తీద్దామంటే వేలిముద్ర పడదు. మట్టిపని చేసీ చేసీ గీతలు అరిగిపోయాయి. తడిగుడ్డతో తుడిచి, ఒక్కో వేలూ పెట్టి చూస్తే, చివరికి ఎడమచేతి ఉంగరం వేలు పలికింది. ఆ తర్వాత పాత బ్యాంకులోనే మళ్లీ ఆధార్ లింకు చేయించడానికి ఫారం ఇచ్చాం.

ఆ ఏడాది రోజు కూలి 272 రూపాయలు, అదీ కొలత ప్రకారం పూర్తిగా తవ్వితేనే. పదిహేను రోజుల్లో కూలి చేతికందాలని చట్టం. లెక్కల్లో చూస్తే అవ్వకి సకాలంలో అందినట్టే. మా సర్వే ఫారంలోనూ 'కూలి అందిందా: అవును / కాదు' అని రెండే గడులు. అవ్వని ఏ గడిలో వేయాలి? నేను మార్జిన్‌లో రాశాను. కంప్యూటర్‌లోకి ఎక్కించేవాళ్లు ఆ మార్జిన్ వదిలేశారు.

అందుకే 'అవగాహన సదస్సు' అనే మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. ఫ్లెక్సీ కట్టి, బిస్కెట్లు పంచి, ఫొటో తీసుకుని 'చైతన్యపరిచాం' అని రాసుకుంటారు. అవ్వకి లేని అవగాహన ఏమిటి? ఏ వారం ఎన్ని రోజులు పనికెళ్లిందో వేళ్ల మీద చెప్పింది. అవగాహన కావలసింది కౌంటర్ అవతల కూర్చున్నవాళ్లకి. వాళ్లని సదస్సుకి పిలిచిన సంస్థని నేనింతవరకు చూడలేదు. మా రిపోర్టు కూడా అంతే, రంగురంగుల గ్రాఫులతో ఇంగ్లీషులో తయారై దాతలకి వెళ్లింది. ఊరికి ఒక్క కాపీ రాలేదు.

చేరాలనుకుంటే చేరండి. కానీ ముందే అడగండి, ఊళ్లకి పంపుతారా, ఇన్‌స్టాగ్రామ్ పేజీ చూసుకోమంటారా అని. రెండోదైతే ఇంట్లో ఫ్యాన్ కింద పడుకోవడం మేలు. బస్సు చార్జీలు ఎవరివో కూడా అడగండి. నాకు స్టైపెండ్ లేదు. చార్జీలు మాత్రం చివర్లో ఇచ్చారు, అదీ టికెట్లు చూపిస్తేనే. చెమటకి తడిసి అంకెలు చెరిగిపోయినవాటికి ఇవ్వలేదు. వెంటవెంటనే ఫొటో తీసి పెట్టుకోండి.