పుట్టగొడుగులు తిని లివర్ దెబ్బతింది, వాంతులు తగ్గాయి. ఇంటికి తీసుకెళ్లొచ్చా?

దయచేసి తీసుకెళ్లకండి. బయట కోసిన పుట్టగొడుగులు తిన్న మీ నాన్నగారికి వాంతులు, విరేచనాలు తగ్గాయని, లివర్ రిపోర్టులు మాత్రం బాగాలేవని రాశారు. మేము పొరపాటు చేయబోయింది సరిగ్గా ఇక్కడే.

మా మామగారు కాలిఫోర్నియాలో మా దగ్గర ఉన్నప్పుడు, డిసెంబరు వానల తర్వాత ఓక్ చెట్టు కింద పుట్టగొడుగులు కనిపించాయి. ఊళ్లో గడ్డివాము దగ్గర మొలిచేవే అనుకున్నారు. అవి డెత్ క్యాప్ అనే ప్రాణాంతకమైన విషపు పుట్టగొడుగులు. లేతగా గుడ్డులా ఉన్నప్పుడు వరిగడ్డి పుట్టగొడుగులాగే ఉంటాయి. ఎంత ఉడికించినా అందులోని అమాటాక్సిన్ అనే విషం పోదు. రాత్రి కూర తింటే వాంతులు మర్నాడు పొద్దున మొదలయ్యాయి. ఆ పై రోజుకి తేలికపడి, ఇడ్లీ పెట్టమన్నారు. ఇంటికి బయలుదేరదామనుకుంటే డాక్టరమ్మ ఆపారు. ఆ సాయంత్రానికి, లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే లివర్ ఎంజైములు వేలల్లోకి వెళ్లాయి.

ఇదే ఖాయమైన విరుగుడు అని చెప్పే మందు లేదు. సెలైన్ బాగా ఎక్కించారు. విషం లివర్ నుంచి పైత్యరసంతో పేగుల్లోకి దిగి మళ్లీ లివర్‌కే చేరుతుందట, అందుకని బొగ్గు మందు పదేపదే తాగించారు. ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే మందుతో పాటు, మిల్క్ థిసిల్ మొక్క నుంచి తీసే సిలిబినిన్ కూడా డ్రిప్‌లో ఇచ్చారు. సిలిబినిన్ విషాన్ని లివర్ కణాల్లోకి పోనివ్వకుండా అడ్డుకుంటుంది. షాపులో దొరికే మిల్క్ థిసిల్ మాత్రలు దానికి బదులు కావు.

లివర్ మార్పిడి అందరికీ అక్కర్లేదు. 2016 డిసెంబరులో ఉత్తర కాలిఫోర్నియాలో 14 మందికి ఈ విషం ఎక్కితే, ముగ్గురికే లివర్ మార్చాల్సి వచ్చింది. మామగారికి ఐదో రోజు నుంచి ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతోందో చెప్పే పరీక్ష) దిగింది, మార్పిడి లేకుండానే బయటపడ్డారు. ఆ నాలుగు రాత్రులు మా అత్తగారు కన్ను మూయలేదు.

ఎంజైములు తగ్గాయని ధైర్యపడకండి, రోజూ ఐఎన్ఆర్ ఎంతో అడగండి. అది పెరుగుతూ ఎంజైములు పడిపోతుంటే పరిస్థితి విషమిస్తోందన్నమాట. ఆయన మగతగా ఉన్నా, మాట తడబడినా, మనుషుల్ని పోల్చుకోలేకపోయినా వెంటనే నర్సుని పిలవండి. మార్పిడి చేసే ఆసుపత్రితో ఇప్పుడే మాట్లాడమని ఈరోజే డాక్టర్‌ని అడగండి, స్పృహ తప్పేదాకా ఆగొద్దు. ఆ కూర తిన్న మిగతా వాళ్లందరికీ, ఏ ఇబ్బందీ లేకపోయినా, రక్తపరీక్ష చేయించండి. వండని పుట్టగొడుగు ముక్క ఏదైనా మిగిలుంటే కాగితం సంచిలో పెట్టి ఆసుపత్రికి పట్టుకెళ్లండి.